తల తెగిన వైర్లు

టక్.

ప్లగ్గు తల తెగి కింద పడింది. దొర్లుకుంటూ పోయి గళ్ళచొక్కా ఆయన చెప్పు దగ్గర ఆగింది.

“ఏయ్! నా వైరు! ఏం చేశావమ్మా నువ్వు?” ఆయన అరుపుకి పక్క క్యారవాన్ కింద పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచి మొరిగింది.

ఆమెను అక్కడ కత్తెర అంటారు, కరెంటు పని చూస్తుంది. సాకెట్‌లోంచి పీకిన ఆ ఎక్స్‌టెన్షన్ వైరును మోచేతికి చుట్టలుగా చుట్టుకుంది. తెగిన తలను జేబులో వేసుకుంది. కటింగ్ ప్లేయర్‌ను నడుం బెల్టులో దోపుకుంది.

“నిన్నే అడిగేది! ఎందుకు కోశావు?”

“మూడో లైన్లో స్టోరుంది. అక్కడ అడగండి, వేరే వైరు ఇస్తారు,” అనేసి వెళ్ళిపోయింది.

పొద్దుగూకేలోగా ఆ ఒక్క మాట అన్నందుకు తనని తాను వందసార్లు తిట్టుకోబోతోందని అప్పటికి ఆమెకు తెలియదు.

అది సెలవులకు క్యారవాన్లలో వచ్చేవాళ్ళు ఆగే మైదానం. ఇల్లంత బండి తోలుకొస్తారు. నీడ చూసి నిలుపుకుంటారు. పక్కనున్న కరెంటు పోస్టులోంచి బండికి వైరు లాగుతారు. బండిలో ఏసీ, ఫ్రిజ్, గీజరు, కరెంటు పొయ్యి అన్నీ ఉంటాయి. అన్నిటి బరువూ మోసేది ఆ ఒక్క వైరే. దానికి వేలి లావు వైరు కావాలి. వచ్చేవాళ్ళలో సగం మంది ఇంట్లో టేబుల్ ఫ్యానుకు వాడే సన్న వైరు తెచ్చి తగిలిస్తారు. పోస్టులో ఎంసీబీ స్విచ్చు ఉందిగా, కరెంటు ఎక్కువైతే అదే పడిపోయి ఆపేస్తుందిలే అని ధీమా. ఆ ఎంసీబీ పదహారు ఆంపియర్లు దాటితే గానీ పడదు. సన్న వైరు పదికే లోపల్లోపల ఉడకడం మొదలుపెడుతుంది. వైరు కాలిపోతున్నా ఎంసీబీ హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

ఐదేళ్ళ కిందట, ఇలాంటిదే మరో మైదానంలో, కత్తెర ఒకాయనకు ఇదంతా ఓపిగ్గా, మర్యాదగా చెప్పింది. ఆయన “అలాగేనమ్మా” అన్నాడు. ఆమె అటు తిరగగానే అదే వైరు మళ్ళీ తగిలించాడు. బండి కాలిపోయింది. తలుపు లాగబోయిన ఆయన అరచేతులు రెండూ తోలూడిపోయాయి. అంబులెన్సు ఎక్కుతూ, “నువ్వు చెప్పావు కదమ్మా,” అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా విరిగి ఉండిపోయింది.

ఆ రోజు నుంచి నోటికి సెలవిచ్చింది, చేతికి పని పెంచింది. పనికిరాని వైరు కనబడితే చాలు, తల కోసేస్తుంది. మొండేన్ని స్టోరు వెనక నీలం డ్రమ్ములో పడేస్తుంది. తల లేని వైరును ఎవడు తగిలిస్తాడు? కోసిన తలలన్నీ తన గదిలో ఒక తీగకు గుచ్చి పెట్టింది. నలభై పైమాటే. మైదానంలో అందరూ ఆమె అసలు పేరు మరిచిపోయి కత్తెర అనడం మొదలుపెట్టి చాలా కాలమైంది.

మేనేజరు పిలిచాడు. ఆఫీసులో ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా ఆయన చెమటలు కక్కుతున్నాడు.

“ఈ నెలలో ఇది నాలుగో కంప్లైంటు. గళ్ళచొక్కా ఆయన నా టేబులు మీద పిడికిలితో కొట్టాడు తెలుసా? ఎందుకు కోశావో ఒక్క ముక్క చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

“చెప్తే వింటారా సార్? వీళ్ళకి చెవులున్నది కళ్ళజోడు తగిలించుకోవడానికి.”

“వింటారో వినరో చెప్పి చూడు!”

“చూశాను. ఒకసారి.”

“నీతో మాట్లాడితే నా బీపీ పెరుగుతుంది. ఇంకొక్క తల తెగిందా, నీ ఉద్యోగం తెగుతుంది. పో. ఇరవై ఏడులో ఎవరో టీచరమ్మ ఏసీ పనిచెయ్యట్లేదంటోంది, చూడు.”

కత్తెర విసురుగా బయటికొచ్చింది. మిట్టమధ్యాహ్నం. మైదానం కిక్కిరిసి ఉంది. ఏసీలన్నీ ఒక్కసారిగా హోరుమంటున్నాయి.

ఇరవై ఏడో నెంబరులో టీచరమ్మ బండి గుమ్మం మెట్టు మీద కూర్చుని వార్తాపత్రికతో విసురుకుంటోంది. “ఏసీ మూలుగుతోందమ్మా, గాలి రావట్లేదు. లైట్లు కూడా డిమ్ముగా వెలుగుతున్నాయి.”

కత్తెర వంగి, గడ్డిలో పడున్న వైరు మీద అరచెయ్యి పెట్టింది. జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతోంది. సన్న వైరు. కానీ దాని చివర ప్లగ్గు మాత్రం కొత్తది. తెల్లగా మెరిసిపోతోంది.

ప్లగ్గుకు రెండు జానల దూరంలో ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది. టేపు అంచున ఎలుక కొరికిన గాటు.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ గాటు ఆమెకు తెలుసు. మూడు వారాల కిందట ఈ వైరు తల కోసింది తనే. డ్రమ్ములో పారేసిందీ తనే. ఇప్పుడు మొండేనికి కొత్త తల మొలిచింది.

“ఇది మీకెవరిచ్చారు?”

“స్టోరులో ఉండే బాబాయిగారు. మా వైరు పొట్టిగా ఉందంటే, ‘ఇది వాడుకుని వెళ్ళేటప్పుడు ఇచ్చేయండమ్మా’ అన్నారు. ఎంత మంచాయనో!”

“మంచాయనే,” కత్తెర పళ్ళు బిగబట్టి అంది. “మా బావ.”

ఎంసీబీ దించింది. ప్లగ్గు పీకింది. వైరు భుజాన వేసుకుని స్టోరు వైపు నడిచింది. నడక పరుగులా ఉంది.

బావ స్టోరు బల్ల వెనక కూర్చుని, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని, ఒక నల్ల వైరు చివర తెల్ల ప్లగ్గు బిగిస్తున్నాడు. విరిగిన కుర్చీ, చిల్లిపడ్డ బకెట్టు, ఆగిపోయిన గడియారం, ఏది పారేసి ఉన్నా ఆయన చెయ్యి ఊరుకోదు. కత్తెర అక్కను చేసుకున్న రోజు నుంచీ అంతే.

“రా మరదలా, టైముకొచ్చావు. ఈ ఎర్తు పిన్ను చూడు. నీకంటే నీటుగా బిగించానా లేదా?”

“బావా, డ్రమ్ములో వైర్లు ఎందుకు తీశావు?”

“ఎందుకేంటి? నిక్షేపంలాంటి వైర్లు. నువ్వు తలలు నరికి పారేస్తావు, నేను తలలు అతికిస్తాను. ఇంట్లో విరగ్గొట్టే చెయ్యి ఒకటుంటే అతికించే చెయ్యి ఒకటుండాలి కదా.”

“నిక్షేపంలాంటివా? పనికిరావనే కదా కోసింది!”

“తల పనికిరాదని తల కోశావు. వైరు పనికిరాకపోతే వైరునే ముక్కలు చేసేదానివి. ఆ మాత్రం అర్థం చేసుకోలేనా? మీ అక్క నన్ను మొద్దు అంటుంది గానీ మరీ అంత మొద్దునా?”

కత్తెరకు ఈయన లెక్కలో వేలు పెట్టడానికి సందు లేదు. ఐదేళ్ళుగా ఈయన కళ్ళ ముందే తలలు కోస్తోంది. ఎందుకు కోస్తోందో ఒక్కసారి కూడా చెప్పలేదు. చూసినవాడు చూసినట్టే అర్థం చేసుకున్నాడు.

మరుక్షణం కోపం నెత్తికెక్కింది. భుజం మీది వైరును బల్ల మీద విసిరికొట్టింది. ప్లగ్గులూ స్క్రూలూ చెల్లాచెదురయ్యాయి.

“పట్టుకుని చూడు! ఎలా కాలుతోందో చూడు! దీన్ని ఆ టీచరమ్మ బండికిచ్చావు! నిన్నెవరు ముట్టుకోమన్నారు? నా డ్రమ్ములో చెయ్యి పెట్టమని నిన్నెవరు పిలిచారు?”

బావ వైరు పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు. మొహంలో నవ్వు పోయింది.

“ఎన్ని అతికించావు?”

“పదకొండు ఇచ్చాను. రాసి పెట్టానులే.” అట్టముక్క తీశాడు. “నాలుగు, తొమ్మిది, పన్నెండు, పంతొమ్మిది... ఇరవై ఏడు... రెండు మన బండికి...”

“మన బండికా?”

అమ్మ ఆ బండిలోనే ఉంది. తుంటి ఎముక విరిగి, కాలికి కట్టు కట్టించుకుని, నెల రోజులుగా అక్కాబావల క్యారవాన్‌లో మంచం మీదే ఉంది. ఎవరైనా పట్టుకుంటే తప్ప లేవలేదు.

“అత్తయ్య ఎండకి అల్లాడిపోతోందని నిన్న బండిని చెట్టు కిందకి జరిపా కదా. పోస్టు దూరమైంది. రెండు వైర్లు కలిపి, తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళా.”

“అడ్డంగా నేల మీదా?”

“ఛ, అత్తయ్యని నడిపించేటప్పుడు కాళ్ళకి అడ్డం పడదూ? మ్యాటు కింద దాచా.”

“అక్కెక్కడ?”

“బట్టలుతకడానికి వెళ్ళింది.”

కత్తెర అప్పటికే గుమ్మం దాటింది.

మూడో లైను నుంచి చివరి లైను దాకా పరిగెత్తింది. పిల్లల సైకిళ్ళు తప్పించుకుంది. మడత కుర్చీ ఒకటి తన్నుకుని పడేసింది. ఎవరో తిట్టారు. వెనక బావ ఆయాసపడుతూ వస్తున్నాడు, కుళాయి దగ్గర నిండిన బకెట్టు ఎవరిదో ఎత్తుకుని. చెట్టు ఇంకా వంద అడుగులుండగానే వాసన తగిలింది. కాలుతున్న రబ్బరు వాసన. ఐదేళ్ళుగా ఆమె కలలోకొచ్చి లేపే వాసన.

తలుపు సందులోంచి నల్లటి పొగ పాకుతూ వస్తోంది. గుమ్మం దగ్గర మ్యాటు అంచు ఎర్రగా రాజుకుంది. లోపలి నుంచి చేతికర్రతో కిటికీ మీద కొడుతున్న చప్పుడు.

కాళ్ళు తలుపు వైపే లాగాయి. ఒంట్లో ప్రతి ఎముకా తలుపు వైపే లాగింది. ఆమె పళ్ళు కొరుక్కుని పోస్టు వైపు పరిగెత్తింది.

“నీళ్ళు పోస్తున్నా!” బావ బకెట్టు ఎత్తాడు.

“పొయ్యకు! కరెంటుంది! పొయ్యావంటే నువ్వూ పోతావు!”

బావ బకెట్టు ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. పోస్టు పెట్టె తెరిస్తే ఎంసీబీ పైకే ఉంది, నాకేం సంబంధం అన్నట్టు. దాన్ని ఒక్క దెబ్బతో దించింది. ప్లగ్గు పట్టి లాగింది. కాలుతున్న ప్లగ్గు అరచేతికి అతుక్కుంది. అరుస్తూ పీకేసింది.

“ఇప్పుడు పొయ్యి!”

బుస్సుమని ఆవిరి లేచింది. కత్తెర చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, తడిసిన మ్యాటు మీంచి లోపలికి దూకింది. పొగలో ఏమీ కనబడలేదు. దగ్గు వినబడింది, దగ్గు వెనకే తిట్లు వినబడ్డాయి.

“ఎంతసేపటి నుంచి అరుస్తున్నానే! రబ్బరు వాసన, రబ్బరు వాసన అని! ఈ మైదానంలో ఒక్కరికీ చెవుల్లేవా?”

“ఉన్నాయమ్మా. మెడ పట్టుకో. బావా, పరుపు అటు చివర పట్టుకో!”

“కాలు జాగ్రత్తే... ఒసేయ్, ఆ కాలు కాదు, రెండోది!”

పరుపుతో సహా మోసుకొచ్చి చెట్టు కింద పడుకోబెట్టారు. అమ్మ మొహమంతా మసి. కళ్ళు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి. జనం మూగారు. అక్క తడి బట్టల బకెట్టు వదిలేసి ఏడుస్తూ వచ్చింది. బావ నేల మీద చతికిలబడ్డాడు.

“నేనే అత్తయ్యా... నీడ కోసమని...”

“మీరూరుకోండి అల్లుడుగారూ.” అమ్మ కూతురి వైపు తిరిగింది. “ఏమే, ఆ వైర్లు మంచివి కావని ఈయనకి తెలుసా?”

“కోసి పారేశాను కదమ్మా!”

“కోశావు. చెప్పావా?”

కత్తెర అరచెయ్యి బొబ్బలెక్కుతోంది. బావని తిట్టాలనుంది. అమ్మ మీద అరవాలనుంది. చుట్టూ నిలబడి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్న జనాన్ని ఒక్కొక్కణ్ణీ కొట్టాలనుంది. ఆ కోపాన్ని ఎవరి మీద దింపాలో తెలియక, అట్టముక్క కోసం చెయ్యి చాపింది.

“లే బావా. ఏడుపు తరవాత. పద.”

ఇద్దరూ లైను లైనూ పరిగెత్తారు. నాలుగు. తొమ్మిది. పన్నెండు. ఎవరేమడిగినా ఆగలేదు, ఎంసీబీ దించడం, ప్లగ్గు పీకడం. పంతొమ్మిదిలో వైరు తొక్క మెత్తబడి వేలికి అంటుకుంది. పీకిన వైర్లన్నీ బావ మెడలో దండల్లా వేలాడుతున్నాయి. ఇవి ఏడు. బండిలో కాలిపోయినవి రెండు. టీచరమ్మది ఒకటి. మొత్తం పది.

“పదకొండోది?”

బావ అట్టముక్క తిప్పి చూశాడు. “నెంబరు రాయలేదు. పొద్దున ఒకాయన ఊగిపోతూ వచ్చాడు. గళ్ళచొక్కా. నువ్వే పంపావన్నాడు.”

కత్తెర మళ్ళీ పరిగెత్తింది.

గళ్ళచొక్కా ఆయన బండి నిలబడిన చోట టైర్ల గుర్తులు, ఒక చాక్లెట్ కాగితం మిగిలాయి.

ఆఫీసులోకి దూసుకెళ్ళింది. మేనేజరు ఫోనులో ఎవరికో “అబ్బే, చిన్న పొగే సార్,” అని చెబుతున్నాడు.

“గళ్ళచొక్కా ఆయన నెంబరివ్వండి.”

“పొద్దున్నే కదా పీడ వదిలింది! నీ మీద కారాలూ మిరియాలూ నూరుకుంటూ వెళ్ళాడు. వేరే మైదానం చూసుకుంటానని పిల్లల్నెక్కించుకుని పోయాడు. మళ్ళీ గొడవెందుకు?”

కత్తెర, కాలిన మ్యాటు కింద నుంచి లాగి నడుముకు చుట్టుకున్న వైరు ముక్కను తీసి ఆయన టేబులు మీద పెట్టింది. అది ఇంకా కాలిన కంపు కొడుతోంది. రిజిస్టరు మీద మసి గీత పడింది.

“మా అమ్మ పడుకున్న బండిలోంచి వచ్చింది ఇది. దీని తోబుట్టువు ఆయన పిల్లల బండిలో ఉంది. నెంబరు.”

మేనేజరు నోరు మూసుకుని రిజిస్టరు తిప్పాడు.

మొదటిసారి ఫోను మోగి మోగి ఆగింది. రెండోసారి కట్ చేశారు. మూడోసారి ఎత్తారు.

“ఎవరు?”

“పొద్దున మీ వైరు కోసినదాన్ని.”

“సిగ్గుందా నీకు? ఇంకేం కొయ్యాలని ఫోను చేశావు?”

కత్తెర చెయ్యి అలవాటు కొద్దీ నడుం బెల్టు మీదికి వెళ్ళింది. కటింగ్ ప్లేయర్ చల్లగా తగిలింది. అక్కడెక్కడో ఉన్న వైరు దాకా అది చేరదు. ఉన్నదల్లా నోరే.

“పెట్టేయకండి. మీకు స్టోరులో ఇచ్చిన వైరు...”

“బంగారంలా ఉంది. ఏసీ వేసుకున్నాం, పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు. ఆ పెద్దాయన నీకంటే వెయ్యిరెట్లు నయం. మనిషిలా మాట్లాడాడు.”

“నయమే. తిట్టండి, ఎంత కావాలంటే అంత తిట్టండి. కానీ ఒక్క పని చెయ్యండి. నన్ను నమ్మొద్దు. వెళ్ళి ఆ వైరు మీద అరచెయ్యి పెట్టండి. చల్లగా ఉంటే మళ్ళీ ఫోను చేసి ఇంకో గంట తిట్టండి.”

“నాకేం పనిలేదనుకున్నావా?”

“దండం పెడతాను. వెళ్ళండి.”

ఆమె గొంతులోంచి ఆ మాట వినడం మేనేజరుకు అదే మొదటిసారి. కుర్చీలో ఊగడం ఆపేశాడు.

అవతల నిట్టూర్పు. చెప్పుల చప్పుడు. తలుపు తెరిచిన కిర్రు.

“ఇదేంటి... ఇంత కాలుతోంది?”

“వైరు మిగతాది ఎక్కడుంది? చుట్ట చుట్టి పెట్టారా?”

“ఆఁ, పొడుగెక్కువైంది. చుట్టి బండి మెట్టు కింద తోశాను.”

“చుట్టలో వేడి బయటికి పోదు, అక్కడ ఇంకా ఎక్కువ కాలుతుంటుంది. చుట్టని ముట్టుకోకండి. ముందు ఏసీ ఆపండి. తరవాత పోస్టులో ఎంసీబీ దించండి. ఆ తరవాతే ప్లగ్గు పీకండి. వినబడుతోందా? ఈ వరసలోనే.”

“ఆగు... ఏసీ ఆపాను... దించాను... పీకాను. అమ్మో. చుట్ట మొత్తం ఒకదానికొకటి అతుక్కుపోయింది.”

“పిల్లల్ని లేపి కాసేపు బయట కూర్చోబెట్టండి. మెట్టు కింద పొగ రావట్లేదుగా?”

“లేదు. లేదు... రావట్లేదు.” ఆయన ఊపిరి పీల్చిన శబ్దం స్పష్టంగా వినబడింది. “నా పాత వైరు కూడా ఇలాగే అయ్యేదా?”

“ఇలాగే. అది ఫ్యానుకి చేసిన వైరు. మీ బండికి వేలి లావుది కావాలి. ఒకటే ఉండాలి, మధ్యలో అతుకులుండకూడదు. చుట్ట మొత్తం విప్పెయ్యాలి. దేని కిందా దాచకూడదు. వానలో తడవకూడదు. తగిలించాక అరగంటకోసారి చెయ్యి పెట్టి చూసుకోవాలి.”

ఆ తరవాత గళ్ళచొక్కా ఆయన గొంతు మళ్ళీ లేచింది. ఈసారి పొద్దున్నకంటే కోపంగా ఉంది.

“అర నిమిషం పట్టింది నీకిది చెప్పడానికి! అర నిమిషం! పొద్దున్నే చెప్పి చావొచ్చు కదమ్మా!”

ఫోను కట్టయింది.

కత్తెర ఫోను టేబులు మీద పెట్టింది. మేనేజరు ఏదో అనబోయాడు. ఆమె మొహం చూసి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

స్టోరుకు వెళ్ళేసరికి బావ పీకిన వైర్లన్నీ బల్ల మీద కుప్ప పోసి, దాని ముందు నేరం చేసినవాడిలా కూర్చుని ఉన్నాడు. ఆమె తన గది నుంచి తెచ్చిన తలల దండను ఆ కుప్ప మీద విసిరింది. బొబ్బలెక్కిన చేతికి గుడ్డ చుట్టుకుని కటింగ్ ప్లేయర్ తీసింది. ఈసారి తల దగ్గర కొయ్యలేదు. మధ్యలో కోసింది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది. జానెడు ముక్కలయ్యేదాకా కోసింది.

“కోప్పడకు మరదలా,” బావ నీరసంగా అన్నాడు.

“కోప్పడక ముద్దు పెట్టుకోమంటావా? మా అమ్మని వండి పెట్టబోయావు!”

“నిజమే.”

“నిజమే అనకు! నేనే కదా...” ఇంకో వైరు లాగి, చివర తొక్క ఒలిచి, లోపలి రాగి పోగులు బయటికి తీసింది. పక్కన ఒక లావు వైరు ఒలిచి పెట్టింది. రెండూ ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

“ఇటు చూడు. నా మొహం కాదు, వైరు చూడు. ఇందులో రాగి ఎంతుంది? ఇందులో ఎంతుంది? చెప్పు.”

బావ కళ్ళజోడు సర్దుకుని వంగాడు.

“ఇది... ఇందులో సగం కూడా లేదు.”

“ఆఁ. ఇప్పుడు రెండో సంగతి. దగ్గరికి రా, మళ్ళీ చెప్పను,” అంది. అని, మళ్ళీ చెప్పింది.